తిరుగు ప్రయాణపు గడి

గాడిదలు పోయాయి, కంచరగాడిదలు పోయాయి.
ఈగ కుట్టిన ఎద్దులు కిల్వా దారి పొడుగునా
వరసగా కాళ్లు చాపాయి.
మోటారు బండ్లు ఇరుసుల దాకా బురదలో.
పదిహేడో సంవత్సరం మార్చి నాటికి
ఆ యుద్ధానికి మిగిలిన రవాణా
రెండు కాళ్లది.

నా పేరు కివువ. మిషన్ బడిలో ఎక్కాలు బాగా అప్పజెప్పినందుకు
నెత్తిన మూటకు బదులు
నా చేతికి పెన్సిలు ఇచ్చారు.
పిండి బస్తాల నడుమ నా బల్ల:
రెండు బిస్కట్ పెట్టెలు, వాటి మీద ఎవరి ఇంటిదో ఒక తలుపు.
గొళ్లెం ఇంకా ఉండేది దానికి.

లెక్క చెబుతాను, తేలికే.
మనిషికి మోత యాభై పౌన్లు.
మనిషికి తిండి రోజుకి రెండు.
దారిలో కొనడానికి ఊళ్లు లేవు,
ఉన్నవాటిని రెండు సైన్యాలూ వంతులేసుకుని ఊడ్చేశాయి.
కాబట్టి మోసేవాడు మోసేదాన్నే తింటాడు.
ముందు వరసకి పది రోజుల నడక.
పోను ఇరవై, రాను ఇరవై.
యాభైలో సిపాయి నోటికి చేరేది పది.

"పర్లేదు, మనుషుల్ని పెంచు" అన్నాడు కెప్టెన్, పైపు కొరుకుతూ.
పెంచాను.
కాగితం మీద మనిషికి బరువుండదు,
ఒక్క సున్నా చుడితే చాలు
తొమ్మిది వందల మంది పుట్టుకొస్తారు.

ఏప్రిల్‌లో వాన పట్టుకుంది.
పది రోజులు పన్నెండయ్యాయి.
రెండు పౌన్లు చేరుతున్నాయిప్పుడు.
ఒక సిపాయి ఒక్క రోజు తినడానికి
ఒక మనిషి ఇరవై నాలుగు రోజులు
మోకాటి లోతు నీళ్లలో నడవాలి.

తర్వాత మతాందు మీద వంతెన కొట్టుకుపోయింది.
చుట్టు తిరిగితే పదమూడు.
పోను ఇరవై ఆరు, రాను ఇరవై ఆరు.
చేరేది, సున్నాకి రెండు తక్కువ.

తప్పు నాదేమోనని మళ్లీ వేశాను.
పెన్సిలు పక్కన పెట్టి వేళ్ల మీద వేశాను.
వేళ్లూ అదే అన్నాయి.

రాత్రి లాంతరుతో కెప్టెన్ వచ్చాడు.
చెడ్డవాడు కాడు. నాకు జ్వరమొస్తే తన క్వినైన్ సగం ఇచ్చాడు.
తన దేశంలో రైళ్ల వేళలు రాసేవాడట.
చాలాసేపు చూసి
చివరి గడి మీద వేలు పెట్టాడు: తిరుగు ప్రయాణం.
"ఇది తుడిచెయ్. అక్కడి డిపోలో చూసుకుంటారు."

అక్కడ డిపో లేదు.
ఆ సంగతి అతనికి తెలుసు, నాకు తెలుసు, లాంతరుకి తెలుసు.

తుడిచాను.
యాభైలో ఇరవై ఆరు పోతే ఇరవై నాలుగు.
ఎంత చక్కగా కుదిరిందో!
తెల్లారకముందే తంతి పోయింది.

పిండి కొలిచేటప్పుడు ముంగుతి వచ్చాడు.
మా కొండవాడే, తేనె దింపేవాడు,
చేత్తో పట్టుకుంటే ఏ తుట్టె ఎంత తూగుతుందో చెప్పేవాడు.
మెళ్లో నంబరు బిళ్ల, భుజాన తడి దుప్పటి.
తన తిండి సంచిని అరచేతిలో ఒకసారి ఎగరేశాడు.
"పోను సరే" అన్నాడు.
"రాను?"

నేను పెన్సిలు చెక్కుకుంటున్నాను.
అప్పటికే మొన తేలి ఉంది. అయినా చెక్కాను.
వెనకవాడు తోశాడు,
వరస కదిలింది.

ఇప్పుడు మచాకోస్‌లో చిన్నపిల్లలకి లెక్కలు చెబుతాను.
కూడికలు, గుణకారాలు బాగానే సాగుతాయి.
నిన్న తీసివేతలు.
సున్నాలోంచి రెండు పోవు కదా,
పక్క స్థానం నుంచి ఒక పది అప్పు తెచ్చుకోండి అన్నాను.
అందరూ తెచ్చుకున్నారు.
రెండో వరసలో కలోండు మాత్రం
పలక మీద చెయ్యి ఆపి అడిగింది:
"సార్, ఆ పది వాళ్లకి మళ్లీ ఎప్పుడిస్తాం?"

గంట ఐదు నిమిషాల ముందే కొట్టించాను.