కుంగే కొలత

పన్నెండేళ్లుగా దాలినాయుడు జీపు
మా షెడ్డుకే వస్తోంది.
ఈసారి దానికంటే ముందు దాని చప్పుడొచ్చింది,
చెంబులో గులకరాళ్లు పోసి ఊపినట్టు.

గుణుపురంలో నా బోర్డు పైన ఒడియా, కింద తెలుగు.
ఒడియా నిలిచింది.
తెలుగులో సున్నా వానకి కారిపోయి
నాలుగేళ్లుగా నేను "వెల్డిగు" చేస్తున్నాను.

గోతిలోకి దిగి చూశాను.
నిరుడు అల్లం బస్తాల బరువు ఆగక
లారీ కమాను పట్టీ ఒకటి అదనంగా తోయించాడు,
నా చేత కాదు, నన్నడిగితే వద్దనేవాణ్ని.
బండి ఒళ్లు లేచింది. షాకప్సర్లు పాతవే, కురచవి.
ఎడమదాని చెవి తెగిపోయింది.
కుడిది ఒక్కటే, చెయ్యి చాలనివాడు అటక అంచు పట్టుకున్నట్టు
నిండా సాగి వేలాడుతోంది.
దాని నూనె ఎప్పుడో పుట్టాసింగి ఘాటీ తాగేసింది.

"పెద్దవి వేసెయ్, ఎంత పెద్దవైతే అంత మంచిది కదా"
అన్నాడు నాయుడు, టీ గ్లాసు బోనెట్టు మీద పెట్టి.

పర్లాకిమిడి పాత సామాన్ల కొట్లో ఏరి
గోనెలో చుట్టి తెచ్చాను రెండు,
మా బులుగాడి మణికట్టుకి రెండింతల లావు.
నొక్కితే మెల్లగా దిగాయి,
లాగితే అంతకంటే మెల్లగా వచ్చాయి,
కోపమొచ్చినా గొంతు పెంచని మనుషుల్లా.

మా గురువు కూర్మయ్య పోయి ఆరేళ్లు.
టేపు చేతిలోకి తీసుకుంటే చాలు, పక్కకొచ్చి నిలబడతాడు.
"సాగే కొలత ఏ వెధవైనా తీస్తాడ్రా,
కుంగే కొలత తియ్యి ముందు.
జనం నిండా ఎక్కి బండి గుంటలో పడ్డప్పుడు
ఇనుముకి ఇంకా అంగుళం జాగా మిగలాలి.
లేకపోతే అది షాకప్సర్ కాదు, గునపం."

మూస్తే పదమూడున్నర. తెరిస్తే ఇరవై ఒకటిన్నర.
టైరు మీద సుద్దతో రాసుకున్నాను.
పై బ్రాకెట్టు కోసి అంగుళమున్నర జరిపి అతికించాను.
బుష్షులు లేతు దగ్గర తిప్పించాను.
బ్రేకు గొట్టం బిగుసుకోకుండా పొడుగుది మార్చాను,
దానికి మాత్రం నాయుడు కాసేపు గొణిగాడు.

ఒక్క సంగతి చెప్పడం మరిచాను.
ఆ కుడిదాని నట్టు ఆఖరి మర దాటగానే
బండి మూలిగి
రెండంగుళాలు పైకి లేచింది.
ఇన్నాళ్లూ మోస్తోందనుకున్నది
పట్టి కట్టేసిందన్నమాట.

గురువారం, సంతకి మొదటి ట్రిప్పు.
పద్దెనిమిది మంది, చింతపండు బుట్టలు, రెండు పుంజులు.
సొంబారి అవ్వది ఎప్పుడూ వెనక చివరి చోటు.
కాలెత్తింది, అందలేదు.
బుట్ట దించి మళ్లీ ఎత్తింది.
సవర మాటల్లో ఏదో అంటే జీపు జీపంతా నవ్వింది.
"కోడలొచ్చాక ఇంటి గడప ఎత్తయింది,
ఇప్పుడు జీపు కూడానా అంటోంది" అన్నాడు బులు.

నాయుడు నా వైపు చూశాడు.
నేను టేపు వైపు చూశాను.
అవ్వ మోకాలి కొలత
కూర్మయ్య కూడా ఎప్పుడూ తియ్యమనలేదు.

మూల పడేసిన పాత షాకప్సర్ కోసి,
మిగిలిన నాలుగు చుక్కలు వంపి, తుడిచి,
గొట్టాన్ని వెనక తలుపు కింద అడ్డంగా అతికించాను.
కిందనుంచి జానెడున్నర, ఆమె కాలే కొలబద్ద.
ఎర్రగా ఉండగానే పాదం పెట్టబోయింది.
బులు నీళ్లు గుమ్మరిస్తే సుయ్‌మంది,
పుంజులు రెండూ ఒకేసారి కూశాయి.

చీకటి పడ్డాక తిరిగొచ్చాడు నాయుడు.
"ఎలా ఉంది?" అన్నాను.
చాలాసేపు ఆలోచించాడు.
"వెనకనుంచి ఎవరూ తిట్టలేదు" అన్నాడు.
మిగతా ఆరొందలు మాత్రం
పై సంతకన్నాడు.