తాళం

తార్తూ ఊళ్ళో ఒకప్పటి స్కీల ఫ్యాక్టరీ, మూడో అంతస్తు.
మార్చి నెల, రాత్రి ఒంటిగంట దాటింది.
మైమూ కేబుల్ పీకుతుంది,
పెడుతుంది,
పీకుతుంది.
నూట పద్నాలుగోసారి.

వోర్మ్సి దీవి రేవులో గుంజకి బిగించిన
నీటిమట్టం పెట్టె మూగబోయి పదిహేను రోజులు.
మంచుపలక కదిలి తీగని నలిపింది.
సరే, తీగలన్నాక నలుగుతాయి.
కొత్త తీగ వేశాక కూడా ఎందుకు పలకదు?
రేవు కాపలా వాంబోలా ఫోన్లో అన్నాడు:
"పచ్చదీపం వెలుగుతోందమ్మాయ్.
ఇంట్లో లైటుంది, మనిషి లేడు."

ఆ పెట్టెలోని బోర్డుకి కవల ఇప్పుడు ఆమె బల్ల మీద.
ఆసిలోస్కోప్ తెర మీద పసుపు గీత
సెకనుకి పన్నెండున్నర కోట్లసార్లు
లేస్తోంది, పడుతోంది.
ఏ బడిలోనూ ఇంత వరసగా హాజరు పలకరు.
కానీ ఆ లయ ఈ చిప్పు సొంతం కాదు.
అవతలి కొస నుంచి నాలుగు జతల రాగిలో
కొట్టుకొచ్చే మాటల్లోంచి
మాటలు వదిలేసి
నడక మాత్రం ఏరుకుంది.
ఇద్దరిలో ఒకరు తాళం వేస్తారు,
ఒకరికి తాళం పడుతుంది.
తలుపుకైనా పాటకైనా మనకి ఒకటే మాట.

పీకింది.

ఆగిపోతుందనుకుంది. తిన్నగా ఆగినా బాగుండేది.
రెండు నిండు అంచులు,
తర్వాత ఒకటి సగం లేచి
సిగ్గుపడ్డట్టు కూలిపోయింది.
ఆ తర్వాత చదును.
చదునంటే చదును, గడ్డకట్టిన సముద్రం.
ఎప్పటికో, అంటే సెకనులో వెయ్యో వంతుకి,
చిప్పుకి తన క్రిస్టల్ గుర్తొచ్చి
పాతికలక్షల నడకతో, నింపాదిగా,
ఏమీ జరగనట్టు మొదలెట్టింది.

ఆ సగం అంచుని
ఒక గేటు అవునంది. పక్క గేటు కాదంది.
ఆ తగువులో ఇరుక్కున్నాయి మిగతావన్నీ.
ఇంతకీ లింకు తెగిందని రాసుకోవాల్సిన గుమాస్తా
ఆ లయకే కలం కదుపుతాడు.
తెగిన క్షణాన అతని చెయ్యి గాల్లో ఉండిపోయింది.
చచ్చినవాడు తన చావు కబురు తానెలా పంపుతాడు?

డేటాషీట్ రెండొందల పన్నెండో పేజీ,
అడుగున, చీమలు బారుకట్టినట్టు ఒక వాక్యం:
లింకు లేనప్పుడు ఈ పిన్ను గడియారానికి హామీ లేదు.
మైమూ పైకే నవ్వింది. గదిలో ఎవరూ లేరు.
ఎంత నిజాయితీ! ఎంత చిన్న అక్షరాల్లో!

మందు తెలిసిపోయింది.
బోర్డుకి సొంత క్రిస్టల్ ఒకటి, బియ్యపుగింజంత,
అరవై సెంట్ల ఖరీదు.
అరువు లయని వింటుంది గానీ
దాని మీద కాళ్ళు మోపదు.
మొదట్లోనే ఎందుకు పెట్టలేదంటే
ఆ అరవై సెంట్లు మిగిల్చినందుకు నిరుడు
ఇదే బల్ల మీద మైమూ చేత కేకు కోయించారు.

పొద్దున వాంబోలాకి చెప్పింది:
పదిహేను రోజుల నీరు పోయినట్టే,
పట్టికలో ఖాళీ వదిలేస్తాం.
ఎందుకు పోతుంది, అన్నాడు.
గుంజ మీద పాత గీతలున్నాయి కదా.
గంటగంటకీ నా వల్ల కాలేదు, మోకాళ్ళ నొప్పి.
పొద్దున ఏడుకి, సాయంత్రం ఏడుకి
గొడ్డలితో మంచు పగలగొట్టి చూశాను.
పెన్సిల్‌తో రాశాను. ఈ చలికి పెన్ను పారదు.

"రాయమని మీకెవరు చెప్పారు?"
ఎవరూ చెప్పలేదట.
లైను పోయింది కదా, ఎవరు చెబుతారు?

ఆమె అంకెలు ఎక్కిస్తూ ఎక్కిస్తూ ఆగింది.
"ఏ గడియారం చూసి?"
"చేతిది. నాలుగు నిమిషాలు వెనక."
ఫోన్లో కాసేపు గాలి.
"పోయినేడాదీ నాలుగే."