ఏడో ఛానెల్

డాబాగార్డెన్స్‌లో, మెట్ల కింద కొట్టు.
గాజు బల్ల మీద మూడు ట్రిగ్గర్లు పెట్టి
చేతులు కట్టుకున్నాడు పరదేశి.
"మూడూ వెలిగిస్తాయి గురూ.
ఏది ఎవడి మాట వింటాదన్నదే తేడా."

చూపుకి మూడూ అగ్గిపెట్టెలంతే.
ధరలు మాత్రం వేరే వేరే ఇళ్లలో పుట్టాయి.

అల్లిపురం సందులో, మా పన్నెండడుగుల గదిలో
పదకొండేళ్లుగా
కెమెరాకీ దీపానికీ మధ్య ఒక నల్ల వైరు.
దాన్ని దాటకుండా ఎవరూ కుర్చీ ఎక్కలేదు:
ఓడ ఉద్యోగానికి ఫోటో కావాలని వచ్చే కుర్రాళ్లు,
మొదటి పుట్టినరోజు పాపని చంకనేసుకున్న మేనత్తలు.
"వైరు, వైరు!" అని అరవడమే
నూకరాజు ఉద్యోగంలో సగం.
మిగతా సగం, ఉప్పుగాలికి పచ్చబడ్డ పిన్నుని
బడిపిల్లల రబ్బరుతో రుద్దడం.

మొన్న ఒక పెళ్లికొడుకు కాలికి చుట్టుకుని
స్టాండుతో సహా గొడుగు కూలింది.
బల్బు పగిలిన చప్పుడుకి నవ్వాడతను.
ఆ రోజంతా నవ్వింది అప్పుడే.
దాన్నే తీయలేకపోయాను.

మొదటిది కంటితో వినేది.
ఎక్కడ మెరుపు కనబడితే అక్కడికి పలికేస్తుంది.
ఇలాంటిదే ఉండేది నా దగ్గర.
పెళ్లిలో ఎవరి బుల్లి కెమెరా మెరిసినా
నా దీపం ఖాళీ.
ఒక తుపాను రాత్రి ఇంటికెళ్లలేక
స్టూడియోలోనే చిక్కుకుపోయాను.
సముద్రం మీద మెరిసినప్పుడల్లా
మూల నుంచి అది బదులిచ్చింది.
ఖాళీ కుర్చీకి వెలుగేసి, మళ్లీ చీకటేసి,
బ్యాటరీ చచ్చేదాకా ఆకాశంతో మాట్లాడింది.
నాకు భయం వేయలేదు. కొంచెం అసూయ వేసింది.
అసూయ పడ్డవాటినన్నిటినీ కొనుక్కోలేం కదా.

రెండోది రేడియో, చవక. నాలుగే ఛానెళ్లు.
అరువు తెచ్చి వారం వాడాను.
పై అంతస్తు పళ్ల డాక్టరుగారి
కాలింగ్ బెల్లు ఎవరు నొక్కినా
కింద నా గొడుగు వెలిగేది.
ఒకరి పంటినొప్పికి ఇంకొకరు ఉలిక్కిపడేవారు.
షట్టరు కాస్త తొందరపడితే
ఫోటో అడుగున నల్లటి పట్టీ.
"చీరంచు బాగా వచ్చింది" అందో పెద్దావిడ.
కాదని చెప్పలేదు. డబ్బులు తీసుకున్నాను.

మూడోదాని ఖరీదు మా నెల అద్దె.
పదహారు ఛానెళ్లు. గోడవతలికీ వినబడుతుందట.
"గోడవతల నాకేం పని?"
"నేవీవోళ్ల గాల్లోంచి కూడా దూరిపోతాది" అన్నాడు.
నేవీ గాలి గురించి అతనికేం తెలుసు, నాకేం తెలుసు.
ఇద్దరం కాసేపు ఫ్యానుకేసి చూశాం.

"నొక్కాక ఎంతసేపటికి?" అన్నాను.
"నువ్వు అడిగినంతసేపు పట్టదు."

సగం చేతికిచ్చి, సగం శ్రావణమాసం పెళ్లిళ్ల మీద పెట్టి
దాన్నే తెచ్చుకున్నాను.

ఛానెల్ ఏడు పెట్టాడు నూకరాజు.
"ఏడేటి?"
"ఏటో, వేలు అక్కడ ఆగింది."
వైరు చుట్టచుట్టి మేకుకి తగిలించాం.
ఇప్పటికీ ఆ చోటికి రాగానే
కాలెత్తి దాటతాడు.
అరవడానికేమీ లేక గొంతు సవరించుకుంటాడు.

నిన్న జాలారిపేట నుంచి పోలమ్మ,
సొసైటీ కార్డుకి ఫోటో.
నాలుగుసార్లు తీస్తే నాలుగుసార్లూ కళ్లు మూసింది.
"ఎప్పుడు కొడతావో తెలీదు బాబూ.
కెరటమైతే వచ్చేది కనబడతాది."

ట్రిగ్గరు కెమెరా మీంచి ఊడదీసి
ఆమె అరచేతిలో పెట్టాను. ఎర్ర బొత్తాం చూపించాను.
నొక్కింది.
గోడ తెల్లబడింది, ఆమె నీడ ఎగిరి కూర్చుంది.
ఇంకోసారి నొక్కింది, కళ్లు విప్పి, గొడుగుకేసి,
పిల్లని బెదిరించి చూసినట్టు.
"ఉండు" అంది నాతో, "ఇంకొక్కసారి."

గుమ్మంలో ఓడ కుర్రాళ్లు టైము చూసుకుంటున్నారు.
బ్యాటరీలో ఒక గీత తగ్గింది.
ఇటిమ్మని అడగలేదు నేను.