ఆకుపచ్చ తాడు

ఉద్యోగులకి నీలం తాడు.
కాంట్రాక్టు వాళ్లకి బూడిదరంగు.
నా మెడలో పడింది ఆకుపచ్చది, ఆర్నెల్ల గడువుతో.
కార్డు మీద జెల్మా గ్రౌడా అని పేరు సరిగ్గానే పడింది గానీ
ఫొటోలో మాత్రం
తుమ్మబోయి ఆగిపోయినట్టున్నాను.

కంపెనీ అరవై రెండు దేశాల్లో ఉందట.
రీగాలో ఏడంతస్తులు, అన్నీ అద్దాలే.
నాకిచ్చింది వాటి కింద, నేలమాళిగలో
కిటికీ లేని గది.
ఫిబ్రవరి. చీకటుండగా దిగి, చీకటి పడ్డాక ఎక్కుతాను.
పగలనేది పైఅంతస్తుల వాళ్లకిచ్చే అలవెన్సు.
అయిదో అంతస్తు ఇంటర్న్ హారల్డ్స్‌కి కిటికీ ఉంది,
పని లేదు.

గోడ పొడుగునా నాలుగొందల పదకొండు పాత లాప్‌టాప్‌లు.
"అన్నీ తుడిచెయ్," అన్నాడు ఐవార్స్.
నా శిక్షణ మొత్తం అంతే.
మాటకింత అని జీతంలో కోత పడుతుందేమో ఆయనకి.

డిస్కు ఒకటి తుడవడానికి నలభై నిమిషాలు.
తెర మీద గీత నత్తలా పాకుతుంది.
ఎవరిదో పదకొండేళ్ల ఉద్యోగం,
వాళ్ల లెక్కలు, సంజాయిషీలు, సెలవు చీటీలు
సున్నాలవుతూ ఉంటే
చేతులు కట్టుకు కూర్చోలేక
కీబోర్డు బోర్లించి వీపు తడతాను,
పొలమారిన పిల్లాణ్ణి తట్టినట్టు.

నల్లరొట్టె పొడి రాలుతుంది,
రొట్టెలోని షాజీరా గింజలు,
పిల్లి వెంట్రుకలు, విరిగిన గోరు.
ఓ రోజు, బ్యాటరీ మూత కింద, పాలపన్ను.

బియ్యపుగింజంత.
అరచేతిలో పెట్టుకుని ఐవార్స్ దగ్గరికి పరిగెత్తాను,
ఇది కూడా కంపెనీ ఆస్తి కిందికే వస్తుందా అని.
ఆయన నవ్వలేదు.
కవరు తీశాడు, పన్ను వేశాడు,
లాప్‌టాప్ నంబరు రాశాడు,
కింది సొరుగు లాగాడు.

సొరుగు నిండా కవర్లు. పద్దెనిమిదేళ్లవి.
ట్రామ్ టికెట్టు. ఎండిన లైలాక్ పువ్వు. ఉంగరం.
ఎవరో ఎవరికో రాసి ఇవ్వని చీటీ, మడత విప్పనిది.
"అడిగితే ఇస్తాం."
"ఎవరైనా అడిగారా?"
"ఒకరు."
ఎవరనేలోపు ఫోను మోగింది.

శాంటియాగోలో ఒకాయన పాస్‌వర్డు మర్చిపోయాడు.
అక్కడ ఎండాకాలం, వెనకాల ఎక్కడో నీళ్లు చిమ్ముతున్న చప్పుడు.
గుర్తు ప్రశ్న: మీ కుక్క పేరు?
"ఇప్పుడున్నదా, అప్పటిదా?"
అప్పటిది, అన్నాను.
కాసేపు ఏమీ వినబడలేదు.
తర్వాత ఒక్కో అక్షరం విడదీసి చెప్పాడు,
పిలిస్తే వస్తుందేమో అన్నంత మెల్లగా.
టికెట్టు మూసేశాను.
కారణం గడిలో "వాడేవారి పొరపాటు" అని ముందే రాసి ఉంది,
మార్చుకోవడానికి వేరే మాట ఇవ్వలేదు.

మధ్యాహ్నం పది నిమిషాలు వంతెన దాకా వెళ్లొస్తాను.
గడ్డకట్టిన దౌగవా మీద ముసలాళ్లు
మంచుకి బెజ్జం చేసుకుని, గాలం వేసి,
గీత కదలడం కోసం కాచుకుని కూర్చుంటారు.
వాళ్లకెవరూ స్టయిపెండ్ ఇవ్వరు.

సోమవారం పెద్ద సమావేశం, తెరంతా తొమ్మిది వందల గళ్లు.
"మనమంతా ఒకే కుటుంబం," అన్నారెవరో పైనుంచి.
నా గడిలో నేను చెయ్యెత్తాను.
ఎవరూ చూడలేదు, మంచిదే.
ఎందుకెత్తావంటే చెప్పలేకపోయేదాన్ని.

జూలై ఆఖరి శుక్రవారం
నా వరసలోకే ఓ టికెట్టు వచ్చిపడింది:
గ్రౌడా, జెల్మా. ఖాతా మూసివేయాలి. సాయంత్రం అయిదు.
సరే అని నొక్కాను.
ఎర్రక్షరాల్లో జవాబు:
ఎవరి ఖాతా వారు మూసుకోరాదు.

ఐవార్స్ కుర్చీ జరుపుకుని వచ్చాడు.
ఆయన కళ్లద్దాల్లో నా పేరు తిరగబడి కనిపించింది,
తర్వాత కనిపించలేదు.
కార్డు తీసుకున్నాడు. తాడు వద్దన్నాడు.
"లెక్కలో లేదది. ఉంచుకో."

మెట్లెక్కుతున్నాను. పైన, రాత్రి పదిదాకా పొద్దుండే జూలై.
వెనకాల చప్పుడు:
నా లాప్‌టాప్‌ని బోర్లించి వీపు తడుతున్నాడు,
ఒకసారి.
ఆగి, ఇంకోసారి.

ఏం రాలిందో చూడలేదు.
సొరుగు లాగడం మాత్రం వినబడింది.