చీపురు కొస

రెడ్‌కార్‌లో రాత్రి డ్యూటీ.
సముద్రం మీంచి వాన అడ్డంగా కొడుతోంది.
గొట్టంలో నూటికి ఇరవై పాళ్ళు ఉదజని,
తక్కినదంతా ఊళ్ళో టీనీళ్ళు కాచే పాత గ్యాసు.

ఉదజని ఎప్పుడూ జంటగానే వస్తుంది.
కాగిన పల్లేడియం రేకు దగ్గర
జంటగా దూరలేదు.
చేయి విడిచి, ఒక్కొక్కటిగా లోహంలోకి ఇంకి,
అవతల మళ్ళీ జతకడుతుంది.
పాత జోడీయేనా?
మీటరు చెప్పదు.

మీథేన్‌కి ఆ విద్య రాదు. పక్కదారిన పోతుంది.

లీకయి అంటుకుంటే మంట కంటికి ఆనదంటాడు విల్ఫ్.
ముప్పయ్యేళ్ళ సర్వీసు.
ఇప్పటికీ చీపురు ముందుకు చాచి
నడుస్తాడు, ఏది ముందు కాలుతుందోనని.

నా బెల్టుకి డిటెక్టరుంది,
పచ్చదీపం వెలుగుతూనే ఉంది.
అయినా
ఆయన వెనకే నేను,
చీపురు పుల్లల కొసలే చూస్తూ.