పోనీ

అజ్మాన్‌ల, చైనా మాల్ ఎనుక గల్లీల
టైల్స్ గోదాం మాది.
మాది అంటున్న గని, లాం మేడంది.
నాది ఫోర్క్‌లిఫ్ట్ సీటు మీది చిరిగిన రెగ్జిన్, అంతే.

రంజాన్ పోయింది, బక్రీద్ పోయింది,
లారీ రాలే.
ఫోషాన్‌ల ఉన్న చెల్లెతోని మేడం ఫోన్ల మాట్లాడుతది.
పనిలేని చెవులు గదా,
ఒక్కొక్క మాటే ఏరుకున్న.

"తాం" అంటది.
చప్పగ అని. బజారు చప్పబడ్డదని.
ఎవలు చెప్పలే నాకు,
సూప్ ఓ గుక్క తాగి మొఖం ముడుచుకొని
మల్ల గదే మాట అన్ననాడు దొరికింది.

"పాక్ వూ యింగ్" అంటే ఈగలు కొట్టుడు.
నవ్వొచ్చింది.
మా కోరుట్ల బట్టల దుకాండ్లల్ల గూడ
గిరాకి లేనోడు ఈగలే తోలుకుంటడు.
ఈడి ఎండకు ఈగలు గూడ రావు,
అది వేరే ముచ్చట.

లింబాద్రిని తీసేసిననాడు
"ఛావ్ యావ్ యూ" అన్నది, కండ్లు కిందికేసి.
పదికాళ్ల మెత్తటి చేపను పెంకల ఏస్తే
చాప లెక్క చుట్టుకుంటదట.
లింబాద్రి పరుపు పక్క మంచపాయినకిచ్చి
చాప ఒక్కటి చుట్టుకపోయిండు.
తాడు నేనే ముడేసిన.

నిన్న కొత్త మాట: "సిక్ కుక్ చుంగ్".
ఎంత అడిగినా చెప్పరాలే ఆమెకు.
టిఫిన్ డబ్బాలకెల్లి ఒక్క మెతుకు తీసి
సిమెంటు నెర్రెల పెట్టింది,
సీసా మూతతోని నీళ్లు పోసింది,
అరచేయి మెల్లగ పైకి లేపింది, మొలక లెక్క.
తర్వాత, ఆ మెతుకునే పెరికి
నోట్లె ఏసుకున్నది.

ఇత్తునపు వడ్లు.

యాపాకేసి మూతి కుట్టిన సంచి,
ఎంత కరువొచ్చినా ముట్టద్దన్నది.
ఓ యేడు ముట్టినం.
ఆ అన్నం రుచి ఎరుకే నాకు.
మామూలు అన్నం లెక్కనే ఉంటది.
గదే బాధ.

మూడు నెల్ల జీతం అడుగుదామని
పొద్దుగాల తయారుచేసుకున్న మాట
గొంతులనే ఉన్నది.

పొద్దుగూకంగ ఒక పఠాన్ వచ్చి
పగిలిన డబ్బలకెల్లి నాలుగు టైల్స్ ఏరుకున్నడు.
ఇరువై దిర్హాలు.
నోటు కండ్లకద్దుకొని "బోణి" అన్న.

ఆమె అందుకొని
నా లెక్కనే కండ్లకద్దుకున్నది.
మాటే, నాలుక తిరగలే.
"పోనీ" అన్నది.

నేను దిద్దలే.