ఎడం

విశాఖలో నా రొమ్ము తలుపులు తీసినప్పుడు
నేను ఇంట్లో లేను.
నాలుగు గంటలు గుండెని పని మానిపించి
దాని బదులు ఒక మిషను కూలికి దిగిందట.
నా నెత్తురు గొట్టాలెంట ఊరంతా తిరిగి
మళ్లీ ఒంట్లోకి వచ్చిందట.
వస్తూ వస్తూ
ఎడం చెవి వీధి సగంలో వదిలేసింది.

"వెంట్రుకంత నాళం. దానికి పక్కదారి లేదు.
ఏ నలక అడ్డం పడిందో చెప్పలేం.
వేలల్లో ఒకరికి ఇలా" అన్నాడు డాక్టరు.
వేలల్లో ఒక్కడివి కావాలిరా సోమలింగం అని
మా నాన్న ఎప్పుడో దీవించేడు.

గుండెకి కొత్త కవాటం వేసేరు.
ఏ లోహం? అనడిగేను.
బుడితి కంచరివాడు ఇంకేం అడుగుతాడు?
కంచు కాదు, ఇత్తడి కాదు,
బొగ్గునే ఏదో చేసి రాయిలా బిగించినదట.
ముప్పై ఏళ్లు బొగ్గు పొగ మింగినోడికి
బొగ్గే పెట్టేరు.
నవ్వితే కుట్లు లాగేయి.

ఇంటికొచ్చిన రాత్రి
నూకరత్నం లేచి గోడ గడియారం దించి సెల్లు తీసేసింది.
టిక్కు ఆగలేదు.
నా మీదికి వంగి, ఊపిరి బిగబట్టి చాలాసేపు విని
"నీదేటి?" అంది.
నాదే.
ఇరవై రెండేళ్లు ఎడం పక్క పడుకున్న మనిషి
చాప ఈడ్చుకుని కుడి పక్కకి వచ్చింది.
మాటలు ఇటైతేనే అందుతాయని.
ఆ పక్క ఇద్దరికీ కొత్త.
తెల్లార్లూ మోచేతులు తగులుతూనే ఉన్నాయి.

శ్రీకాకుళంలో చెవుల పరీక్షకి
గోడలన్నీ మెత్తలు కుట్టిన చిన్న గదిలో కూర్చోబెట్టేరు.
చెవులకి డిప్పలు, చేతికి ఒక మీట.
వినిపించినప్పుడల్లా నొక్కమన్నారు.
నొక్కేను. నొక్కేను. ఆపకుండా నొక్కేను.
అద్దం అవతలి పిల్ల తలుపు తీసి
"బాబాయ్, నేనింకా ఏ చప్పుడూ పెట్టలేదు" అంది.

ఇప్పుడు నాకు చప్పుడు వస్తుంది, దిక్కు రాదు.
వీధిలో ఎవరో "లింగం!" అంటే
గోడకేసి తిరిగి "ఏటి?" అంటాను.
ఆమదాలవలస బస్సు వెనకాల హారను కొడితే
ముందుకు చూసి పక్కకి తప్పుకుంటాను.
ఎండిన వంశధార ఇసకలో నిలబడ్డా
చెవిలో ఏరు పొంగుతూనే ఉంటుంది.

అవన్నీ పోనీ.
చెంబు చల్లారేక గోటితో మీటడం మా ఇంటి చదువు.
ఒకే మాట పలికితే సరుకు.
రెండు మాటలు పలికితే ఎక్కడో పగులు,
మళ్లీ మూసలోకి.
ఆసుపత్రి నించి వచ్చి కొలిమి దగ్గర కూర్చున్న వారంలో
పదకొండు చెంబులు తిప్పి పంపేను.
కుడి చెవిలో ఒక మాట
ఎడం చెవిలో అదే మాట, కాస్త కింద,
తడి గోడ వెనక నించి.
పన్నెండోది మా చెల్లి కూతురు వరాలు లాక్కుంది.
ఇంటరు తప్పి మా ఇంట్లో ఉంటున్న పిల్ల.
మీటింది. తిప్పి మీటింది. నీళ్లు పోసి పైకెత్తి చూసింది.
"పగుల్లేదు మావా. నీకే."

అప్పట్నించి మీటే పని దానిది.
నేను ఆకురాయి పడతాను, బరువులెత్తను,
రాత్రి ఎనిమిదికి నెత్తురు పలచనయ్యే బిళ్ల మింగుతాను.
అది మీటి తల ఊపితే
ఆ తల ఊపు చూసి చెంబు పక్కన పెడతాను.
వినడం కాదు గానీ
దగ్గర్లోనే ఉంటుంది.

నిన్న అన్నాలయ్యేక
"ఏదీ, ఒకసారి" అని నా చొక్కా గుండీ తీసి
కుట్టు మీద చెవి పెట్టింది వరాలు.
కళ్లు మూసుకుంది.
చెంబుకి కూడా అంతసేపు పట్టదు దానికి.
"రెండు మాటలున్నాయి మావా,
మూసలోకి వేసీమంటావా?"

నూకరత్నం దాని వీపు మీద ఒక్కటిచ్చింది.

ఆ దెబ్బ ఏ పక్క నించి వినపడిందో
చెప్పలేను.